కిడ్నీ ట్రేలో వచ్చిన ఫ్యూజు: పశ్చిమ మోసుల్ ఆసుపత్రిలో ఒక క్లియరెన్సు కేసు

2018 మార్చి నుంచి అక్టోబరు దాకా ఇరాక్‌లోని పశ్చిమ మోసుల్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో పేలని బాంబులను, పన్ని ఉంచిన బాంబులను తొలగించే బృందానికి నాయకుడిగా ఉన్నాను. ఆసుపత్రి పేరు గానీ, నన్ను పనిలో పెట్టుకున్న సంస్థ పేరు గానీ రాయడం లేదు. మేము చేసిన తప్పు ఒకటి ఉంది, దాని గురించే ఎక్కువ రాయబోతున్నాను. మద్రాస్ సాపర్స్‌లో సిపాయిగా చేరి, పుణె దగ్గర దాపోడీలోని మిలిటరీ ఇంజనీరింగ్ కళాశాలలో బాంబుల పని నేర్చుకున్నవాణ్ణి. మన పత్రికల్లో మందుపాతర పేలిన వార్తే వస్తుంది. తీసిన వార్తకు చోటు దొరకదు. ఏమీ జరగకపోవడమే అందులోని విశేషం కాబట్టి.

నేపథ్యం

మోసుల్ 2014 జూన్‌లో ఐసిస్ చేతికి చిక్కింది. తిరిగి పట్టుకోవడానికి 2016 అక్టోబరు 17న యుద్ధం మొదలైంది. టైగ్రిస్ నదికి తూర్పున ఉన్న సగం ఊరు 2017 జనవరికల్లా ఇరాక్ సైన్యం చేతికి వచ్చింది. పడమటి ఒడ్డున, ఇరుకు సందుల పాతబస్తీలో మాత్రం పోరాటం ఇల్లిల్లూ తిరుగుతూ జులై దాకా సాగింది. ఆ నెల 10న ప్రధాని హైదర్ అల్ అబాదీ విజయం ప్రకటించారు. అప్పటికి నది మీది 5 వంతెనలూ దెబ్బతిన్నాయి. నగరంలోని 13 ప్రభుత్వ ఆసుపత్రుల్లో 9 దెబ్బతిన్నాయి. శిథిలాలు 70 లక్షల టన్నులకు పైనేనని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్కగట్టాయి.

ఆసుపత్రులు ఇంతగా దెబ్బతినడం యాదృచ్ఛికం కాదు. మందపాటి స్లాబులు, ఎత్తయిన అంతస్తులు, నాలుగు దిక్కులా కనిపించే కిటికీలు, నేలమాళిగ, జనరేటరు, నీళ్ల ట్యాంకు: కోటకు కావలసినవన్నీ ఆసుపత్రిలోనే ఉంటాయి. పడమటి ఒడ్డున అతిపెద్దదైన అల్ షిఫా సముదాయాన్ని ఐసిస్ అలాగే వాడుకుంది. మాకు అప్పగించినది దానితో పోలిస్తే చిన్నది: మూడంతస్తుల ప్రధాన భవనం, ఔట్‌పేషెంట్ విభాగం, ల్యాబు, శవాగారం, వంటశాల, బాయిలరు గది, వెనక చిన్న తోట. ప్రధాన భవనంలో ఒక రెక్క వైమానిక దాడిలో అప్పడాల దొంతరలా కూలిపోయింది. డాక్టర్లు ప్రహరీ బయట కంటైనర్లలో రోగులను చూస్తున్నారు. కాస్త కష్టమైన కాన్పయితే నది దాటించి తూర్పు ఒడ్డుకు పంపాల్సిందే.

తెలుగు పాఠకులకు మందుపాతర అనగానే రోడ్డు కింద పాతిన డబ్బా, పొదల్లోకి వెళ్లిన వైరు గుర్తుకొస్తాయి. ఆ వైరు చివర ఒక మనిషి కూర్చుని ఉంటాడు. అతను పారిపోతే మందుపాతర చాలావరకు మొద్దు డబ్బాయే. మోసుల్‌లో ఆ మనిషి అక్కర్లేదు. తలుపు తెరిచినవాడో, మెట్టు మీద కాలు వేసినవాడో, నేల మీది బొమ్మను తీసినవాడో స్విచ్చు నొక్కుతాడు. పైగా ఇవి ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని చేసినవి కావు. ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ ఫ్యూజులు (బాంబును పేలేలా చేసే భాగాలు), ఒకే కొలతల మోర్టార్ గుండ్లు వర్క్‌షాపుల నుంచి వరసగా వచ్చాయని కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ 2016లోనే రాసింది. మేము మొదటి వారంలో తీసిన ఫ్యూజుకూ, ఆరో నెలలో తీసినదానికీ తేడా కనిపించలేదు. పని చేసేవాడికి అదొక మేలు: ఒకదాన్ని చదివితే మిగతావి చదవగలం. అదే ముప్పు కూడా. వందో ఫ్యూజు దగ్గర కన్ను బద్ధకిస్తుంది.

మొదటి సర్వే

పని మొదలుపెట్టే ముందు ప్రాథమిక సర్వే చేస్తాం. పరికరాలేవీ దించకుండా, జనాన్ని అడిగి, కళ్లతో చూసి, ఎక్కడ ప్రమాదం ఉందో మ్యాపు గీయడం. మేము సైన్యాన్ని అడిగాం, పోలీసులను అడిగాం, సివిల్ డిఫెన్సు వాళ్లను అడిగాం, ఆసుపత్రి డైరెక్టరుతో చాయ్ తాగాం. ఇరాకీలు చిన్న గాజు గ్లాసుల్లో ఇచ్చే ఆ చాయ్‌కి మన చాయ్ పేరే తప్ప పోలిక లేదు. పాలు ఉండవు, అడుగున చక్కెర పేరుకుని ఉంటుంది. అందరూ ఒకే మాట చెప్పారు: ప్రమాదమంతా ప్రధాన భవనంలోనూ కూలిన రెక్కలోనూ ఉంది, వెనక వైపు సైన్యం చూసేసింది. ముందు ప్రధాన భవనం తెరవాలని పై నుంచి ఆదేశం కూడా ఉంది. నిధులిచ్చేవాళ్లకు ఫొటోలో కనిపించేది అదే కదా.

మేము ఆ మాటల చుట్టూనే ఎర్రటేపు కట్టాం. బాయిలరు గది, బట్టలు ఉతికే గది, వాటి మధ్య మురుగు కాలువ టేపుకు అవతల, అంటే ‘శుభ్రం’ అనుకున్న వైపు ఉండిపోయాయి.

నాలుగో వారంలో ఒక ఉదయం గేటు దగ్గర కలకలం. అరవై దాటిన సఫాయి కార్మికుడు ఒకాయన స్టీలు కిడ్నీ ట్రేను, అంటే మూత్రపిండం ఆకారంలో ఉండే ఆసుపత్రి పళ్లేన్ని, రెండు చేతులా పట్టుకుని, నిండు గిన్నెలో పాలు తొణకకుండా తెస్తున్నట్టు నడిచి వస్తున్నాడు. పైన గాజుగుడ్డ కప్పి ఉంది. దుబాసీ అడిగితే, ‘మీదే అనుకుంటా, కాలువలో దొరికింది’ అన్నాడట. గుడ్డ కింద ప్లాస్టిక్ ఫ్యూజు, దానికి అమర్చిన డిటోనేటరు. అరచేతిలో పట్టేంత వస్తువు. పేలితే ఆ చేతులు మిగలవు.

అందరినీ వెనక్కి పంపాను. ఆయనను ఉన్నచోటే ఆగమని, పక్కనున్న ఇసుక బస్తాల మీద ట్రేను మెల్లగా పెట్టి నా వైపు నడిచి రమ్మని చెప్పించాను. వచ్చాడు. నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. కానీ అది ఆయన మీద కాదు. ‘హాజీ, దీన్ని ఎక్కడ తీశారో దూరం నుంచి చూపిస్తారా?’ అని అడిగాను. చూపించాడు. కంటైనర్ల నుంచి బట్టలు ఉతికే గదికి సిబ్బంది రోజూ నడిచే అడ్డదారి అది. నడిచి నడిచి కాలిబాట తేలింది. టేపు గీత దాటి మేము తల తిప్పి చూసి ఉంటే ఆ బాట కనిపించేది.

ట్రేను అక్కడే బస్తాల మధ్య పెట్టి చిన్న మందుతో పేల్చేశాం. విప్పి చూడాల్సిన అవసరం లేని వస్తువును విప్పడం ధైర్యం అనిపించుకోదు. ఆ తర్వాత పని ఆపేసి, సర్వే మళ్లీ మొదటి నుంచి చేశాం.

రెండో సర్వే

ఈసారి అడిగింది ప్లంబరును, బాయిలరు నడిపినాయనను, స్టోర్‌కీపరును, శవాగారంలో పనిచేసినతన్ని. స్టోర్‌కీపరు యుద్ధానికి ముందే ఆసుపత్రి నీలి ప్లాను కాగితాలు ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, ఎవరూ అడగలేదు కాబట్టి అన్నాడు. కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది, అయినా మ్యాన్‌హోళ్లన్నీ అందులో ఉన్నాయి.

బాయిలరు ఆయన ఇంకో సంగతి చెప్పాడు. బాయిలరు గది నుంచి ప్రధాన భవనానికి, శస్త్రచికిత్స పరికరాలు శుభ్రం చేసే ఆవిరి కోసం భూమిలో ఒక పైపుల సొరంగం ఉంది. మనిషి వంగి నడవగలిగేంత ఎత్తు. పోలీసులకు తెలియదు, సైన్యానికి తెలియదు, కొత్తగా వచ్చిన డైరెక్టరుకూ తెలియదు. విమానాల కంట పడకుండా రెండు భవనాల మధ్య తిరగడానికి అంతకన్నా మంచి దారి లేదు కాబట్టి, ఐసిస్ వాళ్లకు మాత్రం తెలిసే ఉండాలి.

తెలుసు. ముందు కెమెరా ఉన్న చిన్న రోబోను దించాం. పది పన్నెండు మీటర్లు వెళ్లాక దుప్పట్లు, నీళ్ల సీసాలు, ఆ తర్వాత గోడవారగా ఒకదానికొకటి తీగతో కలిపిన డబ్బాలు కనిపించాయి. ప్లాను మీద కొలిచి చూస్తే ఆ డబ్బాల పైన ఉన్నది ఔట్‌పేషెంట్ గేటు. నాలుగు వారాలుగా మా బృందం, మా ప్రొక్లెయిన్ లోపలికి వెళ్తున్నది ఆ గేటు గుండానే. ఆ మాట మ్యాపు చుట్టూ నిలబడ్డ అందరికీ ఒకేసారి తట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. మా బృందంలో అందరికన్నా చిన్నవాడు, మోసుల్ కుర్రాడు, వెళ్లి గేటుకు తాళం వేసి వచ్చాడు.

ఆ సొరంగం ఖాళీ చేయడానికి 9 రోజులు పట్టింది. ఎలా విప్పామో వివరంగా రాయను. ఆ వివరాలు పన్నేవాడికీ పనికొస్తాయి. ఒక్క మాట మాత్రం చెప్పవచ్చు: ప్రతిదాన్నీ ముందు తాడు కట్టి దూరం నుంచి లాగాం, ఆ తర్వాతే మనిషి దగ్గరకు వెళ్లాడు. కింద ఇంకోటి పెట్టి ఉంటే అది తాడు మీదే తన కోపం చూపించుకుంటుంది.

గుట్ట

కూలిన రెక్కే ఈ పనిలో ఎక్కువ కాలం తిన్నది. పొలంలో మందుపాతర తీసే పద్ధతులు దాని దగ్గర చాలావరకు పనికిరావు. మెటల్ డిటెక్టరు పెడితే ఒకటే మోత: ఇనుప చువ్వలు, మంచాలు, సెలైను స్టాండ్లు, తూటా ముక్కలు. ఆ గుట్టలో ఇనుము లేని చోటు కోసం వెతకడమే తేలిక. కాబట్టి పరికరం పక్కన పెట్టి కళ్లను నమ్ముకోవాలి.

పద్ధతి ఇది. డ్రైవరు క్యాబిన్‌కు ఉక్కు పలకలు, మందపాటి అద్దం బిగించిన ప్రొక్లెయిన్ ఒక బకెట్ శిథిలం తీస్తుంది. తీసే ముందు, తీసిన తర్వాత కెమెరాలో ఆ ముఖాన్ని చూస్తాం. ఆ బకెట్‌ను చదును చేసిన నేల మీద, జానెడు మందం మించకుండా పరుస్తుంది. యంత్రం వెనక్కి వెళ్లాక ఇద్దరు మనుషులు వరసగా నడిచి చూస్తారు. అనుమానం ఉన్నది కనిపిస్తే చేయి ఎత్తి ఆగుతారు. చూసిన శిథిలం లారీ ఎక్కుతుంది. మళ్లీ బకెట్. కళ్లంలో ధాన్యం ఆరబోసి రాళ్లు ఏరినట్టే ఉంటుంది. జులై ఎండలో, 45 డిగ్రీల దగ్గర, ఛాతీ కవచం, ముఖానికి అద్దం తగిలించుకుని ఏరాలి. ఉదయం 5 గంటలకు మొదలుపెట్టి 11కు ఆపేవాళ్లం. ఒక్కొక్కరు అరగంటకు మించి వెతకకూడదని నియమం పెట్టాను. మొదట్లో కుర్రాళ్లు దాన్ని అవమానంగా తీసుకున్నారు.

ఆ గుట్టలో మోర్టార్ గుండ్లు, గ్రెనేడ్లు, డ్రోన్ల నుంచి వేయడానికి తోకలు తగిలించిన చిన్న బాంబులు వచ్చాయి. అన్నిటికన్నా నెమ్మదించేది ఆత్మాహుతి బెల్టు. అది తరచూ శవం మీదే ఉంటుంది. స్లాబు కింద ఏడాది పాటు నలిగిన శవం, దాని నడుముకు బెల్టు. ముందు స్లాబును యంత్రంతో ఎత్తాలి, శవాన్ని తాడుతో కదపాలి, బెల్టు సంగతి తేల్చాలి, అప్పుడు ఫోరెన్సిక్ వాళ్లను పిలవాలి. బెల్టు లేని శవాలూ వచ్చాయి: రోగులో, వార్డులో తలదాచుకున్నవాళ్లో. టేపు అవతల కుటుంబాలు నిలబడేవి. తాడు కట్టి లాగడం చూసి ఒక తల్లి అరిచిన అరుపు తర్వాత, అలాంటి రోజుల్లో అడ్డంగా గుడ్డ తెర కట్టించాను. నియమ పుస్తకంలో ఆ తెర లేదు.

ఆసుపత్రి తనంతట తాను దాచుకున్నవి

శత్రువు పెట్టినవే ప్రమాదం అనుకుని ఆసుపత్రిలోకి వెళ్లే బాంబుల మనిషి సగం పనే చేస్తాడు. ల్యాబులో పసుపు రంగు స్ఫటికాలు మూత చుట్టూ పేరుకున్న సీసా ఒకటి కనిపించింది. పిక్రిక్ ఆమ్లం. కణజాలం చెడకుండా ఉంచే ద్రావణాల్లో వాడతారు. తడిగా ఉన్నంతకాలం మంచిదే; ఎండిపోతే దెబ్బకు, రాపిడికి పేలుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లలో నింపినది దాన్నే. మూత తిప్పాలని చూస్తే ఆ మరల రాపిడే చాలు. ఐసిస్ డబ్బాకు ఇచ్చిన మర్యాదే ఆ సీసాకూ ఇచ్చాం. నాలుగేళ్లు కరెంటు సరిగా లేని ల్యాబు ఎక్కడిదైనా ముందు ఆ బీరువా చూడమని అడిగినవాళ్లకు చెబుతుంటాను.

ఆక్సిజన్ సిలిండర్ల గోల ఇంకోటి. సిలిండరును బాంబు తొడుగుగా వాడటం ఐసిస్ వాళ్లకు అలవాటు. ఆసుపత్రిలో అసలు సిలిండర్లు కుప్పలుగా ఉంటాయి. వాల్వు సరిగ్గా ఉందా, అడుగున వెల్డింగు అతుకు ఉందా, ఎక్స్‌రేలో లోపల ఏముంది: ఒక్కోటీ విడివిడిగా చూశాం. అన్నీ ఆక్సిజన్ సిలిండర్లే. ఆరు రోజులు పోయాయి.

ఎక్స్‌రే గదికి మాత్రం తాళం వేసి, రేడియేషన్ కొలిచేవాళ్లు వచ్చేదాకా ఎవరినీ వెళ్లనివ్వలేదు. మామూలు ఎక్స్‌రే యంత్రంలో కరెంటు లేకపోతే రేడియేషన్ ఉండదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ క్యాన్సర్ చికిత్సకు వాడే కోబాల్ట్-60 మోసుల్ నగరంలో యుద్ధకాలమంతా ఉండిపోయింది. ఏ యంత్రం ఏ గదికి చేరిందో ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, వదిలేసిన క్లినిక్ నుంచి పాత ఇనుము కోసం రేడియేషన్ చికిత్స యంత్రం ఎత్తుకెళ్తే నలుగురు చనిపోయారు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు చేరిన కోబాల్ట్-60 యంత్రం వల్ల ఒకరు చనిపోవడం మనకు తెలిసిందే. మోసుల్‌లోనూ తుక్కు ఏరుకునేవాళ్లు మా వెనకే తిరిగేవాళ్లు. మేము తెరిచిన తలుపు వాళ్లకు కూడా తెరిచినట్టే.

విమానం బాంబు

సెప్టెంబరులో వంటశాల నేల కింద 500 పౌండ్ల బాంబు బయటపడింది. దాదాపు 227 కిలోలు, అందులో పేలుడు మందు 90 కిలోల దాకా. స్లాబులు చీల్చుకుని వచ్చి, పేలకుండా ఆగింది. పేలలేదంటే చచ్చిందని కాదు. తోకలోని ఫ్యూజు ఏ దశలో ఆగిందో బయటికి తెలియదు. దాని ముక్కలు ఎగిరే దూరం లెక్కగడితే కిలోమీటరు దాటుతుంది. ఆ వృత్తంలో ఎన్ని ఇళ్లు, ఎన్ని కొట్లు, అప్పుడప్పుడే గోడలు కట్టుకుంటున్న ఎందరు మనుషులు! ఉన్నచోటే పేల్చేస్తే మాకు తేలిక, ఆసుపత్రికి మిగిలిన గోడలు కూడా పోతాయి. ఇసుక బస్తాలతో చుట్టూ గోడ కట్టి, పోలీసులు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ఖాళీ చేయించాక, దూరం నుంచి తిప్పే పరికరంతో ఫ్యూజును ఊడదీశాం. తీయడానికి పట్టింది కొద్ది నిమిషాలు. జనాన్ని కదిలించడానికి 3 రోజుల మాటలు. ఒక పెద్దాయన ఇల్లు వదలనన్నాడు. 2017లో ఒకసారి వదిలి వెళ్తే ఇంటికి బదులు గుంత మిగిలిందట. ఆయన కోసం ప్రొక్లెయిన్ డ్రైవరు వెళ్లి పక్కన కూర్చుని, తానే చేయి పట్టుకుని తీసుకొచ్చాడు.

వరస మార్చడం, అప్పగించడం

సొరంగం తర్వాత డాక్టర్లతో సూటిగా మాట్లాడితే, ప్రధాన భవనం వాళ్లకు వెంటనే అక్కర్లేదని తేలింది. బాయిలరు, జనరేటరు, నీళ్ల లైను, అంబులెన్సు తిరిగే జాగా ఇస్తే కంటైనర్లలోనే కాన్పులు, డయాలిసిస్ మొదలుపెడతామన్నారు. వరస మార్చమని పైకి రాశాను. జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మేము ప్రధాన భవనంలో ఖాళీ వార్డులు వెతుకుతూ గడిపాం. ఇప్పుడైతే జవాబు కోసం ఆగను. ఆ వాక్యం చదివి నాకు ఇంకో పని ఇవ్వనివాళ్లు ఉంటారనీ తెలుసు.

అప్పగింత పత్రంలో ‘సురక్షితం’ అనే మాట లేదు. ఈ మ్యాపులో గీసిన గీతల లోపల, నేల నుంచి ఇంత లోతు దాకా వెతికాం అని ఉంటుంది. వెతకనివి విడిగా రాశాం: తోటలో మీటరు దిగువ, కూలిన రెక్కలో వేలాడుతున్న పై స్లాబు, పూడిపోయిన రెండు మ్యాన్‌హోళ్లు. డైరెక్టరు అది చదివి, ‘ఉస్తాద్, మీరు కూడా నాకు డాక్టరు రాతే ఇచ్చారు’ అన్నాడు. అయినా ఆ రెండు మ్యాన్‌హోళ్ల మీద కాంక్రీటు పోయించి, ఎర్రరంగు వేయించాడు.

సంతకాలయ్యాక స్టోర్‌కీపరు చంకలో రిజిస్టరుతో వచ్చాడు. ప్లాను కాగితాలతో పాటు దాన్నీ ఇంట్లో దాచాడు. 2014కు ముందు నుంచి ఉన్న ప్రతి వస్తువూ అందులో ఉంది. ఒక పేజీ తీసి వేలు పెట్టాడు. దుబాసీ నవ్వు ఆపుకుంటూ చదివాడు: కిడ్నీ ట్రే, స్టీలు, ఒకటి, బట్టలు ఉతికే గది. ‘మీ దగ్గరికి వచ్చింది, తిరిగి రాలేదు’ అన్నాడు. పేల్చేశామని చెప్పాను. అయితే అదే రాయండి అని పెన్ను ఇచ్చాడు. తేదీ వేసి, పేల్చివేయబడినది అని ఇంగ్లిషులో రాసి సంతకం పెట్టాను. కింద దుబాసీ చేత అరబిక్‌లో కూడా రాయించుకుని, సిరా ఆరేదాకా ఊది, అప్పుడు రిజిస్టరు మూశాడు.